చేసిన పనికే తిండి

(చెన్నైలో కుక్కలను ఎజిలిటీకి (కర్రల మీంచి దూకుతూ, సొరంగాల్లోంచి దూరుతూ అడ్డంకులు దాటే పోటీకి), పరుగు పందేలకి, వాసన పట్టే పనికి తయారుచేస్తున్న తెలుగువాళ్లు ఒక ఆదివారం పొద్దున కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీతో వచ్చిన కుక్కలన్నీ ఫ్యాన్ల కిందే ఉన్నాయి కదా? నీళ్ల గిన్నెలు ఆ మూల పెట్టించాను. మధ్యలో లేచి వెళ్లి తాగించి రండి, నేనేమీ అనుకోను. ఎండ ముదిరేలోపు అందరం ఇళ్లకి చేరాలి కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

నా కాళ్ల దగ్గర పడుకున్నది చుక్క. నుదుటి మీద తెల్ల మచ్చ ఉంది, అందుకే ఆ పేరు. చిప్పిపారై అనే తమిళనాడు వేటకుక్క పోలికలున్న వీధి కుక్క. ఏడేళ్లు, 20 కేజీలు. ఈ 20 గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో ఒక లెక్కకి కావాలి.

ఎక్కడికి వెళ్లినా నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "మేడమ్, ఏం పెడితే బాగా పరిగెడుతుంది?" ప్రేమతోనే అడుగుతారు. కానీ ఈ ప్రశ్నలో వరస తిరగబడింది. ముందు పని పెరగాలి, దాని వెనకాల తిండి పెరగాలి. తిండి ముందు పెరిగిపోయిన ఇళ్లలో ఏం జరుగుతుందో చాలాసార్లు చూశాను. కుక్క బరువెక్కుతుంది, దూకినప్పుడు ఆ బరువంతా ముందుకాళ్ల మీద పడుతుంది, ఆర్నెల్లకి భుజం పట్టేసిందని కుంటుకుంటూ వస్తుంది.

నాది కైకలూరు పక్కన పల్లె. చిన్నప్పుడు కొల్లేటి గట్ల మీద బాతుల మందల వెనకాల జోనంగి కుక్కలు తిరుగుతుండేవి. పొట్టి వెంట్రుక, ముడతలు పడ్డ నుదురు. తెల్లారి మందతో బయల్దేరితే పొద్దుగూకేదాకా ఒకటే అడుగు. నడుము దగ్గర సన్నగా, తొడలు తాళ్లు పేనినట్టు ఉండేవి. వాటికి ఎవరూ కొలిచి పెట్టింది లేదు. గంజి, మిగిలిన అన్నం, చేప తలకాయలు, అంతే. తర్వాత పొలాలు చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయ్యాయి, ఆ కుక్కలకి పని పోయింది. మా పెదనాన్నగారింట్లో ఒక జోనంగిని గొలుసుతో అరుగుకి కట్టేసి ఉంచారు. అదే గంజి, అదే అన్నం, అదే చేప తల. రెండేళ్లు తిరిగేసరికి పీపాలా తయారైంది, అరుగు దిగడానికి కూడా ఆగి ఆగి దిగేది. నాకు ఈ విషయంలో మొదటి పాఠం చెప్పింది ఆ కుక్కే. ఈ రోజు నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

సరే, పని అంటే ఎంత పని? దాన్ని గడియారంతో కొలవాలి. గ్రేహౌండ్ ట్రాక్ మీద పరిగెత్తేది అరనిమిషం. మనం చేసే ఎజిలిటీ 1978లో లండన్‌లో క్రఫ్ట్స్ ప్రదర్శనలో మొదలైంది. అందులో ఒక్కో పరుగు మామూలుగా నిమిషం లోపే. ఇటు చివర అలాస్కాలో మంచు బండ్లు లాగే కుక్కలు. అక్కడ 1973 నుంచి జరుగుతున్న ఇడిటరాడ్ పందెం దాదాపు 1,600 కిలోమీటర్లు. ఆ మంచులో ఒక్కో కుక్క రోజుకి 10,000 కేలరీల దాకా ఖర్చుపెడుతుంది. దాని తిండిలో సగానికి పైగా శక్తి కొవ్వు నుంచే వస్తుంది. ఎందుకంటే గంటల తరబడి నిలకడగా సాగే పనికి కుక్క ఒళ్లు ప్రధానంగా కొవ్వునే కాలుస్తుంది, మనకంటే చాలా బాగా కాలుస్తుంది.

ఇప్పుడు ఆలోచించండి. ఆ కుక్క కోసం తయారైన తిండి సంగతి చదివేసి, "హై పెర్ఫార్మెన్స్" అని రాసిన బస్తా కొనుక్కొచ్చి, ఆదివారం నాలుగు పరుగులు పరిగెత్తే మన కుక్కకి పెడుతున్నాం. నాలుగు పరుగులంటే నాలుగు నిమిషాలు. మిగతా వారమంతా అది మన ఫ్లాట్‌లో సోఫా కింద పడుకుంటుంది. ఆ కొవ్వు ఎక్కడికి పోతుంది?

గ్రేహౌండ్ల మీద చేసిన పరీక్షల్లో తేలిందేమిటంటే, తిండి కాస్త తగ్గించి సన్నగా ఉంచినప్పుడు అవి ఇంకాస్త వేగంగా పరిగెత్తాయి. పిండిపదార్థం తగ్గించి ఆ మేరకు ప్రొటీన్ పెంచినప్పుడు వేగం తగ్గింది. అరనిమిషం పరుగుకి కండలో నిలవ ఉండే చక్కెరే ఇంధనం, దానికి అన్నం లాంటిదే ఆధారం. కాబట్టి మాంసం ఎంత పెడితే అంత మంచిదనుకోవడం కూడా పొరపాటే.

ఈ రెండింటికీ మధ్యలో ఉన్నవి వాసన పట్టే కుక్కలు. బెంగళూరు దగ్గర తరళులో సీఆర్‌పీఎఫ్ వాళ్ల కుక్కల శిక్షణ కేంద్రం ఉంది, బెల్జియన్ మాలినోయిస్‌లని తయారుచేస్తారు. అలాంటి కుక్కకి గంటల తరబడి పని. దాని విషయంలో ఒక సంగతి మనకీ పనికొస్తుంది. రొప్పుతున్న కుక్క సరిగ్గా వాసన పట్టలేదు. నోటితో గాలి ఆడించే పని, ముక్కుతో మూచూసే పని ఒకేసారి సాగవు. ఒళ్లు గట్టిపడిన కుక్క ఆలస్యంగా రొప్పుతుంది కాబట్టి ఎక్కువసేపు వాసన పడుతుంది. అంటే ముక్కు పనికి కూడా కాళ్లనే ముందు తయారుచేయాలి.

ఇక లెక్క. ఫోన్లు తీయండి. చుక్క బరువు 20. ఇరవైని ఇరవైతో, మళ్లీ ఇరవైతో గుణించండి. 8,000. దానికి వర్గమూలం బటన్ రెండుసార్లు నొక్కండి. మొదటిసారి 89.4, రెండోసారి 9.46. దాన్ని 70తో గుణిస్తే 662. అది కుక్క కదలకుండా పడుకున్నా ఒంటికి కావలసిన కేలరీలు. మామూలు ఇంటి కుక్కకి దాన్ని 1.6తో గుణించాలి, అంటే దాదాపు 1,060. మన ఎజిలిటీ కుక్కలకి కూడా అక్కడే మొదలుపెట్టండి. శిక్షణ నిజంగా పెరిగితే మెల్లగా ఆ 662కి రెట్టింపు వైపు వెళ్లండి. చుక్కకి ప్రాక్టీసు ఉన్న వారాల్లో 1,050 దాకా పెడతాను, వానలకి ఇంట్లో ఉండిపోయిన వారాల్లో 950కి దింపేస్తాను. ఈ లెక్క అంచనా మాత్రమే. ఒకే బరువున్న రెండు కుక్కల మధ్య తేడా చాలా ఉండొచ్చు. తీర్పు చెప్పేది చెయ్యి. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇప్పుడు మన తెలుగిళ్ల గిన్నె గురించి మాట్లాడాలి. పెరుగన్నం.

మా అత్తగారు ఇప్పటికీ అంటారు, "కుక్కకి పెరుగన్నం పెట్టాలమ్మా, చలవ." ఆవిడ చేత్తో మెత్తగా పిసికి, ముద్ద చేసి పెడుతుంటే చుక్క కళ్లు మూసుకుని తింటుంది. ఆ ప్రేమని నేను తప్పుపట్టను. అన్నం కుక్కలకి పడదు, తోడేలు సంతతికి మాంసమే తిండి అని కొందరు గట్టిగా వాదిస్తారు. అది సరికాదు. 2013లో జన్యువుల మీద చేసిన పరిశోధన ఒకటి వచ్చింది. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్‌ని తయారుచేసే జన్యువు తోడేళ్లలో రెండు కాపీలే ఉంటే, ఎక్కువ జాతుల కుక్కల్లో చాలా కాపీలు ఉన్నాయని తేలింది. మనుషుల పక్కన బతుకుతూ మన గింజలు తిని తిని ఆ మార్పు వచ్చింది. ఉడికించిన అన్నం కుక్కకి చక్కగా అరుగుతుంది.

ఇబ్బంది అన్నంలో లేదు, అన్నం ఒక్కటే పెట్టడంలో ఉంది. లెక్క చూద్దాం. 600 గ్రాముల అన్నం, 400 గ్రాముల పెరుగు కలిపితే కేజీ పెరుగన్నం. కేలరీలు దాదాపు 1,000. చుక్కకి రోజంతా సరిపోయినట్టే. కడుపు నిండుతుంది, గిన్నె నాకేస్తుంది, మనకీ తృప్తి. కానీ అందులో ప్రొటీన్ 30 గ్రాములు కూడా ఉండదు. ఇంట్లో ఊరికే ఉండే పెద్ద కుక్కకే ప్రతి 1,000 కేలరీలకి కనీసం 45 గ్రాములు కావాలి. పని చేసే కుక్కకి 70, 80 గ్రాములు ఉండాలి. మంచు బండి కుక్కల మీద చేసిన ఒక పరీక్షలో ప్రొటీన్ తక్కువ పడిన గుంపుకే గాయాలు ఎక్కువయ్యాయి. పరుగులో కండ రోజూ కాస్త చిరుగుతుంది, రాత్రి మళ్లీ అతుక్కుంటుంది. అతకడానికి సరుకు లేకపోతే ఆ చిరుగు అలాగే పెరుగుతుంది.

చుక్క గిన్నెలో ఏముంటుందో చెప్తాను. ఉడికిన అన్నం 250 గ్రాములు, ఎముక తీసి ఉడికించిన కోడిమాంసం 250 గ్రాములు, ఉడికించిన గుడ్లు రెండు, గుప్పెడు గుమ్మడికాయో బీన్సో, ఒక చెంచా నూనె, ఒక చిన్న గిన్నె పెరుగు. పెరుగు మా అత్తగారి చేత్తోనే. మొత్తం 1,000 కేలరీలకి కాస్త అటూ ఇటూ, ప్రొటీన్ 100 గ్రాముల దగ్గర. వారానికి రెండుసార్లు కోడి బదులు కవళ్లు. ఇక్కడి మార్కెట్లో మత్తి అని అడిగితే ఇస్తారు. కుక్కర్లో ముల్లు వేలితో నలిగేదాకా ఉడికించాలి. కీళ్లకి మేలు చేసే ఒమేగా కొవ్వు అందులో ఉంటుంది, పైగా చవక. కార్జం మాత్రం చిన్న ముక్క, వారానికి రెండుసార్లకి మించి వద్దు. రోజూ పెడితే ఎ విటమిన్ ఒంట్లో పేరుకుపోతుంది.

ఇందులో ఒక పెద్ద లోటు ఉంది. కాల్షియం. మాంసంలో ఫాస్ఫరస్ దండిగా ఉంటుంది, కాల్షియం దాదాపు ఉండదు. అలాగే నెలల తరబడి పెడితే ఒళ్లు ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది. కూన వయసులో అలా జరిగితే కాళ్లు వంకరపోతాయి, ఊరికే నడుస్తుంటేనే ఎముక విరుగుతుంది. నేను కోడిగుడ్డు పెంకుల్ని కడిగి, ఎండబెట్టి, మిక్సీలో మెత్తటి పొడి కొట్టి పెట్టుకుంటాను. రోజుకి 3 గ్రాములు గిన్నెలో కలుపుతాను, అందులో కాల్షియం గ్రాము పైనే. జింకు, అయోడిన్, డి విటమిన్, ఇ విటమిన్ కూడా ఇంటి తిండిలో చాలవు. వాటికి పశువైద్యులు రాసిచ్చిన పొడి వేస్తాను. ఇంటి తిండి పెట్టేవాళ్లు ఒక్కసారైనా మీ గిన్నెని డాక్టరుకి కాగితం మీద రాసి చూపించండి. మన ఊళ్లో వేపేరిలో 1903 నుంచి పశువైద్య కళాశాల ఉంది. అడగడానికి మొహమాటం వద్దు. ఇంత ఓపిక లేదనుకుంటే మంచి డ్రై ఫుడ్ తూకం వేసి పెట్టండి, తప్పేమీ లేదు. డ్రై ఫుడ్ పెట్టేవాళ్లు దాని మీద కాల్షియం మాత్రలు వేయకండి, ఎక్కువైనా చెరుపే. పెద్ద జాతి కూనలకి మరీనూ.

పెట్టకూడనివి మీలో చాలామందికి తెలుసు, త్వరగా చెప్పేస్తాను. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ముల్లో ఉండే జైలిటాల్. పండగపూట పాయసంలో కిస్‌మిస్ ఉంటుంది, ద్రాక్ష ఏ రూపంలో ఉన్నా కుక్క కిడ్నీలకి ప్రమాదం. ఉడికిన కోడి ఎముక పుల్లలా చీలి పేగుకి గుచ్చుకుంటుంది. సాంబారన్నం మిగిలిందని పెట్టేవాళ్లు అందులో ఎంత ఉల్లి ఉంటుందో ఒకసారి తలుచుకోండి.

ఏ వేళకి పెట్టాలంటే, పరుగుకి కనీసం నాలుగు గంటల ముందు. నిండు కడుపుతో దూకించవద్దు. ఛాతీ లోతుగా ఉండే డాబర్‌మన్, గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్‌లకి కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది, గంటల్లో ప్రాణం పోతుంది. వాటికి రోజంతటిదీ ఒకేసారి పెట్టకుండా రెండు మూడు పూటలు చేయండి. పని అయ్యాక రొప్పు పూర్తిగా తగ్గి, గంట గడిచాక గిన్నె.

ఇప్పుడు చెయ్యి. అందరూ ఎడమ చెయ్యి చాపండి. పిడికిలి బిగించి, కుడి చేతి వేళ్లతో ఆ కణుపుల మీద రాయండి. ఎముక గట్టిగా, విడివిడిగా తగులుతోంది కదా? కుక్క పక్కటెముకలు అలా తగిలితే మరీ బక్కచిక్కినట్టు. ఇప్పుడు పిడికిలి విప్పి, చేతి వెనకవైపు వేళ్ల మొదట్లో రాయండి. గట్టిగా నొక్కనక్కర్లేదు, తాకగానే ఎముకలు లెక్కపెట్టొచ్చు, కానీ పైన పలచటి పొర ఉంది. అదే సరైన కొలత. ఇప్పుడు చెయ్యి తిప్పి అరచేతి లోపలివైపు వేళ్ల మొదట్లో రాయండి. ఎముక కోసం నొక్కి వెతుక్కోవాలి. మీ కుక్క పక్కటెముకలు అలా ఉంటే అది లావు. వారానికి ఒకసారి, కళ్లు మూసుకుని ఈ పని చేయండి. కళ్లు మూసుకోమని ఎందుకంటున్నానంటే, కళ్లు ప్రేమతో చూస్తాయి, వేళ్లకి ఆ ఇబ్బంది లేదు.

48 లాబ్రడార్లని కూన వయసు నుంచి చివరిదాకా గమనించిన అధ్యయనం ఒకటి ఉంది. ఒకే ఈతలో పుట్టినవాటిని జతలు చేసి, జతలో ఒకదానికి రెండోదానికంటే పాతిక శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవాటిలో సగం 13 ఏళ్లు దాటి బతికాయి. ఎక్కువ తిన్నవాటికి ఆ సంఖ్య 11.2 దగ్గరే ఆగింది. వాటికి కీళ్ల అరుగుదల కూడా ముందే మొదలైంది. దాదాపు రెండేళ్లు! మన కుక్క ఇంకో రెండేళ్లు మన పక్కన ఉంటుందంటే ఏమైనా ఇస్తాం కదా. ఇక్కడ ఇవ్వాల్సింది పిడికెడు తక్కువ తిండి. లాబ్రడార్ ఉన్నవాళ్లు "అది ఎప్పుడూ ఆకలి అంటుంది" అంటారు, నిజమే. 2016లో కేంబ్రిడ్జ్‌వాళ్లు చెప్పారు, దాదాపు పావు వంతు లాబ్రడార్లలో కడుపు నిండిందన్న కబురు మెదడుకి సరిగ్గా అందనివ్వని జన్యులోపం ఉందని. అది అడిగిందని పెడితే ఎప్పటికీ ఆపదు. దాని బదులు మనమే ఆపాలి.

ఇక కండిషనింగ్, అంటే ఒంటిని పనికి గట్టిపరచడం గురించి. కండ కొన్ని వారాల్లో వస్తుంది. కండని ఎముకకి పట్టి ఉంచే స్నాయువు గట్టిపడటానికి నెలలు పడుతుంది. గాయాలన్నీ ఈ రెండింటి మధ్య ఉన్న తేడాలోనే పుడతాయి. రెండు నెలలకి కుక్క వేగం అందుకుంటుంది, చూసి మనకి ఉత్సాహం వస్తుంది, కర్ర ఎత్తు పెంచేస్తాం. లోపల తాళ్లు ఇంకా సిద్ధంగా ఉండవు. అందుకే వారానికి పదో వంతుకి మించి పెంచకండి. చుక్కకి వారంలో రెండు రోజులు దూకే పని, రెండు రోజులు ట్రాట్, ఒక రోజు బలం కోసం చిన్న చిన్న కసరత్తులు, రెండు రోజులు ఊరికే వాసనలు చూసుకుంటూ షికారు. నడకకీ పరుగుకీ మధ్య ఉండే ఆ ట్రాట్‌లో కుడి ముందుకాలు ఎడమ వెనకకాలితో, ఎడమ ముందుకాలు కుడి వెనకకాలితో జతగా పడతాయి, రెండు పక్కలా సమానంగా పని జరుగుతుంది. బలానికి నేలమీద నిచ్చెన పరిచి మెట్ల మధ్య అడుగులేయించడం, కూర్చోబెట్టి లేపడం చాలు. దూకించే ముందు పది నిమిషాలు నడక తప్పనిసరి.

బీసెంట్ నగర్ బీచికి తీసుకెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు. పొడి ఇసుకలో బంతి విసరకండి. కాలు కూరుకుపోయి భుజం మీద, వెనక తొడల లోపలి కండ మీద లాగుతుంది. అలల పక్కన తడిసి గట్టిపడిన ఇసుక మీద నడిపించండి, ట్రాట్ చేయించండి. ఇంకో మాట. కుక్క మీకు ఎదురుగా వస్తున్నప్పుడు తల చూడండి. ముందుకాలు నొప్పిగా ఉంటే, ఆ కాలు నేలకి తగిలినప్పుడల్లా తల పైకి లేస్తుంది. బాగున్న కాలు పడినప్పుడు కిందికి దిగుతుంది. కుంటు కంటికి కనిపించే ముందే తల చెప్పేస్తుంది.

ఇప్పుడు ఎండ. ఇది చెప్పడానికే నేను ఈ రోజు వచ్చాను.

చుక్కకి ముందు నాకు బబ్లూ ఉండేవాడు. లాబ్రడార్, నాలుగేళ్లు, 34 కేజీలు. ఉండాల్సింది 28. అప్పుడు నాకు ఈ పక్కటెముకల లెక్క తెలియదు, బొద్దుగా ఉన్నాడని మురిసిపోయేదాన్ని. ఏప్రిల్ నెల, ఆదివారం, ఊరి శివారు గ్రౌండ్‌లో ప్రాక్టీసు. పొద్దున ఎనిమిదిన్నర. మబ్బుగా ఉంది, ఎండ లేదు కదా అనుకున్నాను. గాలి కదలడం లేదు, నా జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. మూడో పరుగులో బబ్లూ సొరంగం ముందు ఆగిపోయాడు. మొండికేశాడనుకుని "రా నాన్నా, రా" అని పిలిచాను. వచ్చాడు. నాలుక కొన దగ్గర గరిటెలా వెడల్పై వేలాడుతోంది, చిగుళ్లు ఇటుక రంగులో ఉన్నాయి, వెనక కాళ్లు తూలుతున్నాయి. భయమేసి కారులో వేసుకుని, ఏసీ పెట్టి, ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు ప్రయాణం చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడ జ్వరం చూస్తే 42 డిగ్రీల పైన. కుక్కకి మామూలుగా ఉండేది 38.3 నుంచి 39.2. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. మొదటి రోజు లేచి నీళ్లు తాగాడు, నా చెయ్యి నాకాడు. మూడో రోజు లోపల రక్తస్రావమై పోయాడు.

గ్రౌండ్‌లో కుళాయి ఉంది. పైపు కూడా ఉంది. ఆ నలభై నిమిషాల ముందు పది నిమిషాలు నేను వాడి మీద నీళ్లు పోయలేదు.

అందుకే అడుగుతున్నాను, ఇది ఒక్కటి బాగా వినండి. కుక్కకి వడదెబ్బ తగిలితే ముందు చల్లార్చాలి, తర్వాత బండెక్కించాలి. దగ్గరున్న ఏ చల్లటి నీళ్లయినా ఒళ్లంతా ధారగా పోయండి, పొట్ట కింద, తొడల మధ్య, మెడ మీద. పైన గాలి ఆడాలి, అట్టముక్కతోనైనా విసరండి. చల్లటి నీళ్లు పోస్తే షాక్ వస్తుందనే పాత మాట నమ్మకండి. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. కాస్త తేరుకున్నాక కారు, కారులో కూడా ఏసీ గాలి దాని మీదికే. లేచి తోక ఊపినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి. బబ్లూ కూడా తోక ఊపాడు.

కుక్కకి చెమట పట్టేది పాదాల కింద మాత్రమే. మిగతా వేడంతా నాలుక మీద, ముక్కులో తడి ఆరడం వల్లే పోవాలి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ తెల్లవారుజామున ఒళ్లు చల్లబడుతుంది. మన చెన్నైలో గాలే తడిబట్టలా ఉంటుంది. తడి గాలిలో తడి ఆరదు. కుక్క ఎంత రొప్పినా వేడి బయటికి పోదు, పైగా రొప్పే శ్రమకి ఇంకాస్త వేడి పుడుతుంది. అందుకే మబ్బు చూసి మోసపోకండి, ఉక్క చూడండి. మనవాళ్లు కర్తరి అనేదాన్నే ఇక్కడివాళ్లు కత్తిరి అంటారు. మే మొదటి వారంలో మొదలై నెలాఖరు దాకా. అది ముగిసేలోపే మన రోహిణి కార్తె మొదలవుతుంది, రోళ్లు పగిలే కాలం. ఆ నెలంతా నేను దూకించే పని పూర్తిగా ఆపేస్తాను. అయిదున్నరకి షికారు, ఇంట్లో ఫ్యాను కింద నిచ్చెన అడుగులు, వాసన ఆటలు. తర్వాత మళ్లీ మొదలుపెట్టినప్పుడు వేడికి అలవాటు పడటానికి రెండు మూడు వారాలు ఇస్తాను. ఏ పోటీ తేదీ అయినా దాని తర్వాతే.

ప్రశ్నలు అడగండి.

"అక్కా, పరుగయ్యాక గ్లూకోజ్ నీళ్లో ఓఆర్‌ఎస్సో ఇవ్వొచ్చా?" అవసరం లేదమ్మా. మనకి చెమటలో ఉప్పు పోతుంది కాబట్టి మనకి అవి కావాలి. రొప్పినప్పుడు కుక్కకి పోయేది నీళ్లే, ఉప్పు కాదు. మామూలు నీళ్లు, కొంచెం కొంచెంగా, చాలాసార్లు. తాగని కుక్కకి నీళ్లలో చెంచాడు మజ్జిగో, ఉప్పు వేయని కోడి ఉడికించిన నీళ్లో కలపండి. విరేచనాలైతే అది వేరే సంగతి, డాక్టర్ని అడగాలి.

"రాగి జావ పోస్తున్నాం, కాల్షియం దానితో సరిపోదా?" మంచి ప్రశ్న సార్. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, ధాన్యాల్లో అదే ఎక్కువ. కానీ ఫాస్ఫరస్ కూడా బాగానే ఉంది, పైగా ఉన్న కాల్షియం ఒంటికి పూర్తిగా పట్టకుండా అడ్డుపడే ఫైటేట్లు ఉన్నాయి. మాంసంలోని ఫాస్ఫరస్‌ని తూచడానికి అది చాలదు. అన్నం బదులు రాగిజావ పోయండి, చక్కగా పోయండి. పెంకు పొడి మాత్రం మానకండి.

"మా మాలినోయిస్‌కి ఏడు నెలలు. రెండడుగులు అవలీలగా దూకుతోంది. పోటీకి దింపొచ్చా మేడమ్?" దూకగలదు బాబూ, అందులో అనుమానం లేదు. కానీ దాని ఎముకల చివర్లు ఇంకా మెత్తగానే ఉన్నాయి. అవి పూర్తిగా గట్టిపడటానికి ఏడాది, పెద్ద జాతులకి ఏడాదిన్నర పడుతుంది. అప్పటిదాకా కర్రని నేల మీద పెట్టండి, దాని మీంచి నడిపించండి, మలుపులు నేర్పండి, మీ పిలుపుకి రావడం నేర్పండి. ఏడాది తర్వాత ఎత్తు నేర్పడానికి నెల చాలు.

ఇంకొన్ని ప్రశ్నలున్నట్టున్నాయి. చుక్కని ఈ బల్ల మీద నిలబెడతాను, ఒక్కొక్కరే వచ్చి అడగండి. అడిగే ముందు కళ్లు మూసుకుని దాని పక్కటెముకల మీద చెయ్యి వేయండి. తర్వాత మీ కుక్క దగ్గరికి వెళ్లి అదే చెయ్యి వేసి చూడండి. ముందు వరసవాళ్లు రండి, నెమ్మదిగా. దాని కుడి చెవి వైపు నుంచి వస్తే దానికి ఇష్టం.